ఇడైసెవల్‌కు రెండు బహుమతులు

తమిళనాడులో కోవిల్‌పట్టికి దగ్గర్లో ఇడైసెవల్ అని ఒక పల్లె ఉంది. నల్లరేగడి నేల. వాన పడితే ప్రత్తి, సజ్జ, మిరప. పడకపోతే ఆకాశం వైపు చూడటమే పని. 1923లో కొద్ది రోజుల తేడాతో ఆ ఊళ్లో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకరు కు. అళగిరిసామి, మరొకరు కి. రాజనారాయణన్. ఇద్దరూ స్నేహితులు, ఇద్దరికీ పుస్తకాల పిచ్చి, సంగీతం పిచ్చి. 1970లో కేంద్ర సాహిత్య అకాడెమీ తమిళ బహుమతి అళగిరిసామి కథల సంపుటి 'అన్బళిప్పు'కు వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు, ఆ ఏడాదే కన్నుమూశారు. 1991లో అదే బహుమతి రాజనారాయణన్ నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు వచ్చింది. ఒక్క పల్లెకు రెండు జాతీయ బహుమతులు. జిల్లా కేంద్రాలకే దక్కని భాగ్యం ఇది.

కి.రా. అంటే చాలు, మనలో తమిళం చదివేవాళ్లు గుర్తుపడతారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన రైతు. ముప్పై దాటాక కథలు మొదలుపెట్టారు. కరిసల్ సీమ మాటను తమిళ వచనంలోకి తెచ్చారు, ఆ మాటలకు ఒక నిఘంటువే కూర్చారు. చివరికి ఏ డిగ్రీ లేకుండానే పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో జానపద సాహిత్యానికి ఆచార్యులయ్యారు. బడికి వెళ్లింది వాన కురుస్తుంటే తలదాచుకోవడానికేననీ, అప్పుడు కూడా పాఠం వినకుండా వాననే చూస్తూ నిలబడ్డాననీ తన మీద తానే వేళాకోళమాడేవారు.

ఆయన ఇంటి భాష తెలుగు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం'లో గానీ, దానికి తరువాయిగా వచ్చిన ఈ బహుమతి నవలలో గానీ ఉన్నది మన కథే. ఆడపిల్ల మీద పాలకుడి కన్ను పడితే పరువు కోసం రాత్రికి రాత్రి ఇల్లూ వాకిలీ విడిచి దక్షిణానికి నడిచి వచ్చిన కుటుంబాలు, అడవికి నిప్పు పెట్టి నేల సాగు చేసుకున్న పూర్వీకులు, ఆ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పే నూరేళ్లు దాటిన ముసలవ్వ. సాత్తూరు, కోవిల్‌పట్టి, విలాత్తికుళం వైపు తెలుగు మాట్లాడే ఏ ఇంట్లోనైనా కొద్ది మార్పులతో ఈ కథ వినిపిస్తుంది. మా అవ్వ చెప్పినప్పుడు కావేరి దాటటం ఉండేది, ఒక కుక్క కూడా ఉండేది. కి.రా. ఆ కథను మొదటి నవలలో కుంఫిణీ రోజుల దాకా, రెండో నవలలో స్వాతంత్ర్యం దాకా నడిపించారు.

1991 బహుమతుల జాబితా తీసి చూడండి. తెలుగు వరుసలో విశాఖపట్నం భమిడిపాటి రామగోపాలంగారి 'ఇట్లు మీ విధేయుడు' ఉంటుంది. మంచి కథకుడు, మంచి పుస్తకం. తమిళ వరుసలో మన ముసలవ్వ ఉంటుంది. ఎవరి వరుసలో వాళ్లున్నారు, అందులో తప్పు లేదు. కి.రా. రాసింది తమిళం. అదీ తమిళులు ముక్కున వేలేసుకునేంత మంచి తమిళం. అయినా ఆ రెండు పేర్లనూ ఒకే కాగితం మీద చూసినప్పుడు ఒక ఆలోచన మొదలైంది. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు. దేశం తన రచయితలకు బహుమతి ఇచ్చేటప్పుడు దేన్ని చూసి ఇస్తుంది? మనలాంటి వాళ్లం ఆ చూపుకు ఎక్కడ ఆనతాం?

ఆ వార్త వచ్చినప్పుడు నేను తపాలా శాఖలో గుమాస్తాని. మా ఊళ్లో టీ కొట్టు దగ్గర పేపరు చదివి వినిపించింది నేనే. ముందు అందరూ అడిగింది సొమ్మెంత అని. అప్పట్లో పాతిక వేలు. "రెండు జతల ఎద్దులొస్తాయిరా!" అన్నాడొక మామ. మా పెదనాయన మాత్రం కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "అబ్బయ్యా, ఇది మనోళ్ల కతే గదా. తెలుగులో రాసుంటే ఏమయ్యుండు?" అన్నాడు.

"తెలుగులో రాసుంటే చదివేది ఎవురు నాయనా? నువ్వూ నేనూ, ఇద్దరం" అన్నాను.

ఆయన నవ్వాడు గానీ, ఆ జవాబు ఆయనకు నచ్చలేదని నాకు తెలుసు. ఎందుకంటే ఆయన తెలుగులోనే రాసేవాడు.

మా పెదనాయన గురించి కొంచెం చెప్పాలి. హోసూరు వైపు తెలుగు బడులున్నాయి. మా దక్షిణాన ఆ మాటే లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పలక మీద తమిళం. ఆయనకు తెలుగు అక్షరాలు వచ్చింది శివకాశి పుణ్యాన. అక్కడి అచ్చాపీసుల్లో తెలుగు సీమకు పోయే క్యాలెండర్లు వేస్తారు. రంగు చెదిరిన కాగితాలు పక్కన పడేస్తే, అక్కడ పనికి పోయే మా వాళ్లు అల్మారాల్లో పరచుకోవటానికి తెచ్చేవాళ్లు. అంకెల పక్కన వారాల పేర్లు. 'ఆదివారం' అన్న మాట నోటికి తెలుసు కాబట్టి, అందులో ఏ గుర్తు ఏ శబ్దమో ఆయన పట్టుకున్నాడు. ఆ తర్వాత మద్రాసు నుంచి వచ్చే 'చందమామ', దాని తమిళ తోబుట్టువు 'అంబులిమామ' రెండూ తెచ్చుకునేవాడు. అదే కథ, అవే బొమ్మలు. ఇటు తమిళం చదివి, అటు తెలుగులో అదే వాక్యం వెదికేవాడు. నాకూ అలాగే నేర్పాడు. మా ఇంట్లో పెద్దబాలశిక్ష అంటే విక్రమార్కుడూ బేతాళుడే!

అక్షరాలు వచ్చిన తర్వాత ఆయన చేసిన పని, మా ఆడవాళ్లు పాడే పాటలు రాసుకోవటం. కలుపు పాటలు, పెళ్లి పాటలు, ఏడుపు పాటలు. పద్దుల పుస్తకాల్లో, ఒక పక్క కూలి లెక్కలు, ఒక పక్క పాటలు. 1987లో కొన్ని ఏరి, శివకాశిలోనే మూడు వందల ప్రతులు వేయించాడు. కూర్చేవాడికి తెలుగు రాదు, దిద్దేవాడికి అచ్చుపని తెలియదు. ఎలా వచ్చిందో మీరే ఊహించుకోండి. 'ఎనుము' అన్న చోటల్లా 'ఎముక' పడింది. ఎముకను తోలుకుని చెరువుకు పోయిన పిల్ల పాట చదివి మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఆయన మాత్రం కూర్చుని మూడు వందల ప్రతుల్లోనూ కలంతో దిద్దాడు.

ఆ పుస్తకాన్ని ఆయన ఒక ప్రభుత్వ బహుమతికి పంపాడు. ఏ రాష్ట్రం, ఏ సంస్థ అన్నది ఇప్పుడు అనవసరం. నాలుగు ప్రతులు, నేనే తూచి స్టాంపులు అంటించాను. మూడు నెలలకు ఒక కార్డు వచ్చింది. ఈ బహుమతి తమ రాష్ట్రంలో పుట్టినవారికీ, నివాసం ఉన్నవారికీ మాత్రమేనని, మీరు మీ రాష్ట్ర ప్రభుత్వాన్ని సంప్రదించవచ్చునని అందులో ఉంది. మర్యాదగానే రాశారు. మా రాష్ట్రం వైపు విచారిస్తే అక్కడ పుస్తకం తమిళంలో ఉండాలన్నారు, అదీ మర్యాదగానే. రెంటికీ చెడ్డ రేవడి అని మనవాళ్లు ఊరికే అన్నారా! కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న మన పాఠకులకు ఈ కార్డు కొత్తగా ఉండదు. రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు ప్రతి ప్రభుత్వానికీ ఒక భాష దక్కింది. సరిహద్దు ఇవతల మిగిలిపోయిన వాళ్లకు మాత్రం ఒక ప్రభుత్వమూ దక్కింది, ఒక భాషా దక్కింది. ఆ రెండూ ఒకటి కాదు. పన్ను కట్టేది ఒకరికి, పద్యం రాసేది ఇంకొకరి భాషలో.

ఈ కారణం చేతనే కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి మీద నాకు గౌరవం. దాని ఎంపికల మీద ఎవరికి ఏ ఫిర్యాదులున్నా సరే, అది చిరునామా అడగదు, భాష ఒక్కటే అడుగుతుంది. 1954 మార్చి 12న ఆ సంస్థ మొదలైంది. ప్రభుత్వం తీర్మానం చేసి పెట్టింది, సొమ్ము ప్రభుత్వానిది, పాలన మాత్రం స్వతంత్రంగా ఉండాలన్నారు. నెహ్రూ దానికి మొదటి అధ్యక్షుడు. ప్రధానమంత్రి అయినందుకు కాదు, రచయిత అయినందుకు ఆ కుర్చీ ఇచ్చారని చెప్పుకునేవారు. 1955లో మొదటి బహుమతులు ఇచ్చినప్పుడు ఒక్కొక్కరికి ఐదు వేల రూపాయలు. తెలుగులో ఆ మొదటిది సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వెళ్లింది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని రాసిన పుస్తకానికి తెలుగు ఖాతా తెరవటం నాకెప్పుడూ శుభశకునంగానే తోస్తుంది. ఇప్పుడు సొమ్ము లక్ష రూపాయలు. భాషలు 24. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22, వాటికి తోడు ఇంగ్లీషు, రాజస్థానీ. తామ్రఫలకం రూపు గీసింది సత్యజిత్ రాయ్.

ఇక్కడ ఒక చిన్న మాట. జ్ఞానపీఠం కూడా ప్రభుత్వానిదే అనుకునేవాళ్లు మనలో చాలామంది. విశ్వనాథవారికి, సినారెగారికి, రావూరి భరద్వాజగారికి వచ్చిన ఆ బహుమతి ఒక ప్రైవేటు ట్రస్టుది. సర్కారు సొమ్ము ఇంత, సేఠ్‌ల సొమ్ము ఇంత అని లెక్క పెట్టుకోవటం మనకు అవసరమా అంటారేమో. అవసరమే. ప్రభుత్వ బహుమతి అయితే నియమం ఏమిటని అడిగే హక్కు పౌరుడికి ఉంటుంది. సేఠ్‌గారిని ఏమని అడుగుతాం?

నియమాలు ఏమిటని నేను అడిగాను. ఉద్యోగం పుణ్యాన ప్రభుత్వ కాగితాలు చదివే ఓపిక ఉంది. బహుమతి ఇచ్చే సంవత్సరానికి ముందు ఏడాదిని వదిలి, దాని వెనక ఐదేళ్లలో మొదటిసారి అచ్చయిన పుస్తకం కావాలి. అంటే 2024 బహుమతికి 2018 నుంచి 2022 దాకా వచ్చినవి. ఒక జాబితా తయారవుతుంది, అది వడపోతకు వెళుతుంది, చివరికి ముగ్గురు సభ్యుల సంఘం ముందుకు వస్తుంది. వాళ్లు తేల్చినదాన్ని కార్యవర్గం ఆమోదిస్తుంది. తగిన పుస్తకం లేదనుకుంటే ఆ ఏడాది ఆ భాషకు బహుమతి ఇవ్వకుండా వదిలేయవచ్చు. తొలి సంవత్సరాల్లో తెలుగుకు అలా కూడా జరిగింది. అన్నిటికంటే నా కళ్లు ఆగిపోయిన నియమం వేరే ఉంది. అనువాదం, సంకలనం, సంక్షిప్తం, ఇంకొకరు సేకరించి కూర్చినది, ఇవేవీ ఈ బహుమతికి నిలవవు. రచయిత స్వయంగా సృష్టించిన పుస్తకం కావాలి.

అంటే మా పెదనాయన పాటల పుస్తకాన్ని ఢిల్లీకి పంపినా ఫలితం అదే. అక్కడ చిరునామా అడ్డురాదు గానీ, పాటలకు కర్త ఎవరన్న ప్రశ్న అడ్డొస్తుంది. కలుపు తీసే ఇరవైమంది ఆడవాళ్లు తలా ఒక చరణం అల్లిన పాటకు కర్త పేరు ఎక్కడి నుంచి తెస్తాం?

కి.రా. విషయంలో కూడా ఇదే జరిగిందని ఆలోచిస్తే అర్థమవుతుంది. ఆయన జీవితంలో సగం పని సేకరణే. ఊరూరా తిరిగి, జాబులు రాసి తెప్పించుకుని కూర్చిన జానపద కథలు గంపల కొద్దీ ఉన్నాయి. బూతు కథలు కూడా సిగ్గుపడకుండా అచ్చు వేశారు. నన్నడిగితే ఆయన పనిలో తరతరాలకు నిలిచేది ఆ భాగమే. కానీ బహుమతి దానికి రాలేదు. ముసలవ్వ చెప్పిన మాటనే తీసుకుని, ఒక ఇంటి చుట్టూ నవలగా అల్లి, 'ఆనంద వికటన్'లో ధారావాహికగా నడిపి, పుస్తకంగా తెస్తే వచ్చింది. బహుమతులు ఇచ్చేవాళ్లకు ఒక పేరు కావాలి, ఒక అట్ట కావాలి, ఒక భాషా వరుస కావాలి. అవ్వకు ఆ మూడూ లేవు. మనుమడికి మూడూ ఉన్నాయి. అందులో మూడోది మాత్రం అవ్వది కాదు.

మద్రాసు సంగతి వేరు కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, తెలుగు బహుమతులు మద్రాసు చిరునామాకు చాలానే వచ్చాయి. 1972లో శ్రీశ్రీ, 1978లో కృష్ణశాస్త్రి, 1987లో ఆరుద్ర, 1992లో 'హృదయనేత్రి'కి మాలతీ చందూర్. ఈ పేర్లు తలచుకుంటే మద్రాసు తెలుగువాళ్లకు గర్వంగానే ఉంటుంది. కానీ వీళ్లంతా సినిమా కోసమో, పత్రికల కోసమో, సంసారం కోసమో పైనుంచి దిగివచ్చినవాళ్లు. రాసే తెలుగును వెంట తెచ్చుకున్నారు. నాలుగైదు వందల ఏళ్ల కిందట వచ్చి, ఇక్కడే మట్టిలో కలిసిపోతూ, నోటి తెలుగును మాత్రం వదలని కుటుంబాల నుంచి ఆ వరుసలోకి ఎక్కడం ఎంత కష్టమో ఈ పేర్లే చెబుతాయి. మన తెలుగులో 'తావు' ఉంది, 'ఎనుము' ఉంది, 'దినామూ' ఉంది, 'ఉండాది' ఉంది. ఆ మాటలతో నవల రాస్తే తెలుగు సీమ పాఠకుడు యాస అంటాడు, కొందరు తప్పు అంటారు. కి.రా. తన కరిసల్ తమిళంతో రాసినప్పుడు అక్కడా మొదట అలాగే అన్నారు. ఆయన వెనక్కు తగ్గలేదు. చదివే ఊళ్లు చుట్టూ ఉన్నాయన్న ధైర్యం ఆయనకుంది. మనకు ఆ ఊళ్లు లేవు.

ఒక తృప్తి మాత్రం చెప్పుకోవాలి. 2001లో తిరుమల రామచంద్రగారి ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక'కు బహుమతి వచ్చినప్పుడు, అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లయినా, సరిహద్దులో పుట్టి పెరిగిన బతుకు ఎలా ఉంటుందో తెలుగు వరుసలో ఒక పుస్తకం చెప్పింది. హంపీ కర్ణాటకలో ఉందని ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

ప్రభుత్వం చేతి నుంచి తీసుకుంటే రచయిత నోరు కట్టేసినట్టే కదా అనే వాదన కూడా ఉంది. మా అబ్బాయి ఆ పక్షం. 2015 ఆగస్టు 30న ధార్వాడలో ఎం.ఎం. కల్బుర్గిగారిని ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. ఆయనకు 2006లో ఇదే అకాడెమీ బహుమతి వచ్చి ఉంది. సంస్థ వెంటనే గట్టిగా మాట్లాడలేదని దేశమంతటా రచయితలు ఫలకాలు వెనక్కి పంపారు. కన్నడంలో కుం. వీరభద్రప్పగారు కూడా పంపారు. ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో ఏళ్ల తరబడి పంతులుగా పనిచేసిన మనిషి ఆయన. ఆ అక్టోబరు 23న కార్యవర్గం సమావేశమై హత్యను ఖండించింది. చూశావా, అందుకే తీసుకోకూడదు అంటాడు మా అబ్బాయి. నాకు ఇంకోలా తోస్తుంది. వెనక్కి పంపటానికైనా చేతిలో ఒకటి ఉండాలి. అది ఉన్నవాళ్లు పంపితే సంస్థ కదిలింది. ఏ వరుసలోనూ లేని మనం కోపగించుకుని ఏం వెనక్కి పంపుతాం, ఆ కార్డా?

మనకు నిజంగా అందుబాటులో ఉన్నది అనువాద బహుమతి. 1989 నుంచి ఇస్తున్నారు. దాని సొమ్ము తక్కువ, పేపర్లలో దాని వార్త ఇంకా తక్కువ. కానీ రెండు భాషల మధ్య గుమ్మంలో నిలబడి పుట్టిన మనకంటే దానికి తగినవాళ్లు ఎవరు? ఓల్గాగారి 'విముక్త'కు 2015లో అకాడెమీ బహుమతి వచ్చింది. దాని తమిళ అనువాదం 'మీట్చి'కి గౌరీ కృపానందన్‌గారు ఆ ఏడాది అనువాద బహుమతి అందుకున్నారు. కన్నడంలో శాంతినాథ దేశాయి రాసిన 'ఓం ణమో'ను తెలుగు చేసినందుకు 2020 బహుమతి ఆదోనివారైన రంగనాథ రామచంద్రరావుగారికి వచ్చింది. ఆదోని సరిహద్దుకు ఎంత దూరమో బళ్లారి పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఒడిశా పాఠకులకు ఇంకో పేరు గుర్తుంటుంది, పురిపండా అప్పలస్వామిగారు. 1955లో మొదటి ఒడియా బహుమతి పొందిన గోపీనాథ మహంతి 'అమృతర సంతాన'ను ఆయన తెలుగులోకి తెచ్చారు. కోరాపుట్ కొండల్లోని కంధుల బతుకు ఒడియా దారిన బహుమతికి ఎక్కి, అనువాదం దారిన కొండ దిగి తెలుగు ఊళ్లకు వచ్చింది. ప్రభుత్వ బహుమతి చేసే పనుల్లో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికి. లక్ష రూపాయలు ఒకరికి పోతాయి. పుస్తకం ఇంకో భాష ఇంటికి పోతుంది.

కి.రా. 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశారు. తొంభై ఎనిమిదో ఏడు. తమిళనాడు ప్రభుత్వం ఇడైసెవల్‌లో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఒక రచయితకు తుపాకుల గౌరవం! కరోనా కాలం, నేను పోలేకపోయాను, టీవీలో చూశాను. తమిళం తన రచయితను ఎంత బాగా సాగనంపిందో చూసి సంతోషించాను. మా ఇంట్లో చిన్నవాళ్లు ఆయన్ను తమిళ పాఠ్యపుస్తకంలో చదివారు. ఆయన ఇంటి భాష, తమ ఇంటి భాష ఒకటేనని నేను చెప్పేదాకా వాళ్లకు తెలియదు. చెప్పిన తర్వాత మా మనవరాలు అడిగింది, "తాతా, అట్లయితే మనకు తెలుగులో ఎవురుండారు?" అని. పెదనాయన పద్దుల పుస్తకాలు తెచ్చి ముందు పెట్టాను. ఆ పిల్లకు అక్షరాలు రావు. నేను చదువుతుంటే వింటూ తమిళ లిపిలో రాసుకుంది. వర్గాక్షరాలు లేని లిపిలో 'బండి', 'పండి' ఒకటే అయినా, పాట పాటే.

ఇప్పుడు ఆ నాలుగు పద్దుల పుస్తకాలూ డి.టి.పి. చేయిస్తున్నాం. ఈసారి 'ఎనుము' ఎనుముగానే ఉంటుంది. ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో తమిళ లిపి, రెండు వందల ప్రతులు. ఏ బహుమతికీ పంపే పుస్తకం కాదు. నియమాలు పైనే చెప్పాను. మూడో పుస్తకంలో ఒక పెళ్లి పాట ఉంది, పెళ్లికూతురు పుట్టింటి గడప దాటేటప్పుడు మేనత్త పాడేది. అందులో ఐదో చరణం దగ్గర చెద తినేసింది. మా ఊళ్లో అది పాడేవాళ్లు ఇప్పుడు లేరు. విలాత్తికుళం, ఎట్టయపురం, శంకరన్‌కోవిల్ వైపు అత్తలెవరికైనా ఆ చరణం నోటికి ఉంటే, తెలుగులో గానీ తమిళ లిపిలో గానీ, ఎలా వినిపిస్తే అలా రాసి పత్రిక చిరునామాకు పంపండి. సంక్రాంతి తర్వాత అచ్చుకు ఇస్తున్నాం.